ఒకే పాట, ఎన్ని నిమిషాలు?

(పాఠశాల స్వర్ణోత్సవాల రెండో రోజు పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

 

మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా పావుగంట మాట్లాడండి అని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేశారు. అమెరికాలో ముప్పై అయిదేళ్ళు కంప్యూటర్ ఉద్యోగం చేశాను కాబట్టి దాని మీదే మాట్లాడతాననుకుని ఉంటారు. ఆ ఉద్యోగం గురించి నాకు తెలిసినవి ఇప్పటి పిల్లలకు పనికిరావు. నాకు నిజంగా బాగా తెలిసింది ఒక్కటే. ఒక అమెరికన్ రాక్ బృందం ఒకే పాటను పాతికేళ్ళ పాటు వేదికల మీద వాయించింది. ఏ రాత్రి ఎన్ని నిమిషాలు వాయించిందన్నది నేను నోటు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చాను. మొత్తం ఏడు పుస్తకాలు. మా ఆవిడ వాటిని పద్దు పుస్తకాలు అంటుంది. నవ్వండి, ఫరవాలేదు. చివర్లో ఈ పుస్తకాలతో మన బడికి ఒక పని ఉంది. అందుకే ఇంత దూరం మోసుకొచ్చాను.

బృందం పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1965లో మొదలైంది. గిటార్ వాయించి పాడే జెర్రీ గార్సియా 1995 ఆగస్టు 9న చనిపోవడంతో ఆగిపోయింది. పాట పేరు డార్క్ స్టార్. మాటలు రాసింది రాబర్ట్ హంటర్. చిన్న పాట, రెండే చరణాలు. 1968లో గ్రామఫోన్ రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. చివర్లో హంటర్ ఏవో మాటలు చదువుతాడు, కొంచెం బాంజో మోగుతుంది, అయిపోతుంది. ఆ రికార్డు అమ్ముడుపోలేదు. ఆ బృందం స్టూడియోలో చేసినదాన్ని బట్టి చూస్తే ఈ పాట గురించి ఇవాళ ఎవరూ మాట్లాడుకోవలసిన పనే లేదు.

అయితే వేదిక మీద వాళ్ళు ఆ రికార్డును పట్టించుకోలేదు. అదే సంవత్సరం తొలి నెలల టేపుల్లో ఈ పాట ఆరేడు నిమిషాలుంటుంది. ఏడాది తిరిగేసరికి ఇరవై దాటింది. 1969 ఫిబ్రవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్‌లో వాయించింది ఆ ఏడాది చివర లైవ్ డెడ్ అనే ఆల్బమ్‌లో వచ్చింది. 23 నిమిషాల 18 సెకన్లు. ఎల్పీ రికార్డుకి ఒక పక్కంతా ఈ ఒక్క పాటే. 1972 ఆగస్టులో ఓరెగన్ రాష్ట్రంలోని వెనీటాలో వాయించింది అరగంట దాటింది. అదే ఏడాది మే 11న హాలండ్‌లోని రాటర్‌డామ్‌లో వాయించింది సుమారు 48 నిమిషాలు.

నాకు ఈ పిచ్చి పట్టించింది ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే ఒకాయన. ఆయన కారులో సీట్ల కింద నిండా క్యాసెట్లే. తారీఖు, ఊరు రాసిన అట్టలు. 1990లో ఒక క్యాసెట్ ఇచ్చి, విని ఏమనిపించిందో చెప్పమన్నాడు. విన్నాను, అర్థం కాలేదు. మర్నాడు అదే పాట మరో తారీఖుది ఇచ్చాడు. విన్నాక అడిగాను, ఇది నిన్నటిదేనా అని. ఆయన నవ్వాడు. తర్వాత రోజు మూడోది తెచ్చాడు.

ఇక్కడ పాట తీరు గురించి రెండు మాటలు చెప్పాలి. మొదట్లో గిటారూ బేసూ కలిసి పలికే చిన్న పలుకు ఒకటి ఉంటుంది. అది వినగానే హాలులో జనం అరుస్తారు. తర్వాత రెండు స్వరాల మధ్య ఊయలలా ఊగే వాద్యం. ఎప్పుడో గార్సియా మొదటి చరణం పాడతాడు. అక్కడి నుంచి ఎవరూ ముందు అనుకున్నది ఉండదు. తాళం జారిపోతుంది, శ్రుతి మబ్బులా కరిగిపోతుంది, ఒక్కోసారి వాద్యాల గోల తప్ప ఏమీ మిగలదు. మళ్ళీ ఎక్కడి నుంచో ఆ మొదటి పలుకు తేలుతుంది. రెండో చరణం పాడితే పాడతాడు, లేకపోతే లేదు. డెబ్బైల్లో చాలాసార్లు పాడలేదు. ఈ పాట సాధారణంగా తనంతట తాను ఆగదు. ఇంకో పాటలోకి ఒలికిపోతుంది. వెనీటాలో అయితే ఆ అరగంట చివర ఎల్ పాసో అనే కౌబాయ్ కథా గీతంలోకి జారింది. కాశీ మజిలీ కథలు వింటూ వింటూ కళ్ళు మూసి తెరిస్తే సురభి నాటకంలో ఉన్నట్టు.

మా ఆవిడ మొదటిసారి లైవ్ డెడ్ విన్నప్పుడు పదో నిమిషంలో అడిగింది, ఇంకా శ్రుతి చేసుకుంటున్నారా, పాట మొదలైందా అని. ఆవిడ ఎకసెక్కానికి అన్నా, నా ఏడు పుస్తకాల్లో సగం ఆ ప్రశ్నకే ఖర్చయ్యాయి.

పాట ఎప్పుడు మొదలైంది? ఎప్పుడు అయిపోయింది?

మనకు ఎనిమిదిలో ఫిజికల్ సైన్స్ చెప్పిన మాస్టారు ఒక మాట అనేవారు. కొలత రాసేముందు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావో రాయరా అని. స్కేలు సున్నా దగ్గర అరిగిపోయి ఉంటే ఒకటి నుంచి పెట్టి కొలిచి, ఒకటి తీసెయ్యమని నేర్పింది ఆయనే. ఆ అభిమానుల్లో చాలామందికి అలాంటి మాస్టారు దొరకలేదని నాకు త్వరలోనే అర్థమైంది. ఒకరు క్యాసెట్ అట్ట మీద 26 నిమిషాలని రాస్తారు, అదే రాత్రిదాని మీద మరొకరు 24 అని రాస్తారు. ఇద్దరూ గడియారం సరిగ్గానే చూశారు. ఒకాయన ముందు పాట చివరి మోగింపు నుంచి లెక్క మొదలుపెట్టాడు, రెండో ఆయన ఆ పలుకు వినపడ్డాక మొదలుపెట్టాడు, అంతే తేడా.

లైవ్ డెడ్‌లోని 23 నిమిషాల 18 సెకన్లనే తీసుకోండి. ఆ రాత్రి దాని ముందు మౌంటెన్స్ ఆఫ్ ది మూన్ అనే నెమ్మదైన పాట వాయించి, ఆపకుండానే డార్క్ స్టార్‌లోకి వచ్చారు. ఆల్బమ్‌లో ఆ పాటకు చోటు లేదు. అందుకని డార్క్ స్టార్ శబ్దాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ మొదలుపెట్టారు. శ్రద్ధగా వింటే ముందు పాట తోక వినపడుతుంది. ఎల్పీ ఒక పక్కకు పాతిక నిమిషాలకు మించి మంచి శబ్దం పట్టదు. కాబట్టి ఆ కొలత కొంత పాటది, కొంత ప్లాస్టిక్ పళ్ళేనిది. 2005లో ఆ నాలుగు రాత్రుల కచేరీలు పూర్తిగా విడుదలయ్యాక ఆ అంచు ఎక్కడుందో సరిగ్గా వినగలిగాం.

రాటర్‌డామ్ సంగతి మరీ తగువులమారి. 48 నిమిషాలు అని అందరూ అంటారు. మధ్యలో డ్రమ్ములు ఒక్కటే కాసేపు మోగుతాయి. దాన్ని పాటలో భాగం అనాలా, వేరు అనాలా? తీసేస్తే, 1973 డిసెంబరు 6న క్లీవ్‌లాండ్‌లో ఆపకుండా సుమారు 43 నిమిషాలు వాయించిన దానికీ దీనికీ మధ్య దూరం బాగా తగ్గిపోతుంది. నా లెక్క చెబుతాను. మన కచేరీల్లో రాగం తానం పల్లవి మధ్య తని ఆవర్తనం వస్తే మృదంగం వాయించిన సమయాన్ని పల్లవిలోంచి తీసేస్తామా? తియ్యం కదా. నా పుస్తకంలో 48 అలాగే ఉంది. పక్కన ఎర్ర సిరాతో డ్రమ్ముల నిమిషాలు కూడా రాశాను, గొడవపడేవాళ్ళ కోసం.

మన సంగీతం పోలిక ఊరికే తేలేదు. ఆ బృందంలో ఇద్దరు డ్రమ్మర్లు. అందులో మికీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర నేర్చుకున్నాడు. లైవ్ డెడ్‌లో ది ఇలెవెన్ అనే పాట ఉంది, పేరుకు తగ్గట్టు పదకొండు మాత్రల లెక్కలో నడుస్తుంది. అల్లా రఖా కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో కలిసి హార్ట్ 1976లో దిగా రిథమ్ బ్యాండ్ అని ఆల్బమ్ చేశాడు. 1991లో వచ్చిన ప్లానెట్ డ్రమ్‌లో మన ఘటం విక్కు వినాయక్‌రామ్ గారు కూడా ఉన్నారు, దానికి గ్రామీ కూడా వచ్చింది. అయితే డార్క్ స్టార్ రాగాలాపన అని నేననను. అలా అనేవాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు, వాళ్ళకు రాగమూ సరిగా తెలీదు. ఆలాపన ఎంత దూరం పోయినా షడ్జం ఇంటి దగ్గర కూర్చునే ఉంటుంది. డార్క్ స్టార్‌లో ఒక్కోసారి ఇల్లే కనపడదు.

ఇక టేపుల గురించి. ఇవి లేకపోతే నా పుస్తకాలే లేవు.

మిగతా బృందాలు కచేరీలో టేప్ రికార్డర్ కనపడితే లాక్కుని బయటికి పంపేవి. వీళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నారు. చివరికి 1984 అక్టోబరులో, బర్క్‌లీ కచేరీలతో మొదలుపెట్టి, రికార్డు చేసుకునేవాళ్ళకు హాలులో వేరే చోటే కేటాయించారు. అందుకు వేరే టికెట్లు. షరతు ఒక్కటే, టేపులు అమ్మకూడదు. ఇచ్చిపుచ్చుకోవచ్చు. నా దగ్గర టేపులు లేని రోజుల్లో ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టు ఖర్చులు కవరులో పెట్టి ముక్కూ మొహం తెలియనివాళ్ళకు పంపేవాణ్ణి. వారానికో, నెలకో నిండి తిరిగొచ్చేవి. ఒక్కటీ పోలేదు. మన ఊళ్ళో అరువిచ్చిన పంచాంగం తిరిగొచ్చిన దాఖలాలు లేవు, మీకు తెలుసు.

బృందం తన శబ్దం ఎలా ఉందో చూసుకోవడానికి మొదటి నుంచీ రికార్డు చేయించుకునేది. ఔస్లీ స్టాన్లీ అనే ఆయన, బెట్టీ కాంటర్ అనే ఆవిడ చేసిన టేపులు పేరుమోశాయి. బెట్టీ గారి టేపులు అద్దె గోదాములో ఉండి, అద్దె బకాయిపడటంతో 1986లో వేలానికి వెళ్ళాయి. కొన్నవాళ్ళ ఇళ్ళల్లో కొన్ని ఏళ్ళ తరబడి పడున్నాయి. అంత మంచి టేపులకే ఆ గతి పట్టింది, మన ఇళ్ళల్లో అటకల మీది వాటి సంగతి మళ్ళీ చెబుతాను.

టేపు కూడా అబద్ధం చెబుతుంది. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదలాలి. బ్యాటరీలు నీరసించిన రికార్డరులో తక్కువ కదులుతుంది. దాన్ని తీసుకెళ్ళి మంచి యంత్రంలో వేస్తే పాట వేగంగా నడుస్తుంది, శ్రుతి పైకి పోతుంది, పాట పొట్టిదవుతుంది. శ్రుతి అర స్వరంలో సగం పెరిగిందంటే వేగం దాదాపు మూడు శాతం పెరిగినట్టు. 23 నిమిషాల 18 సెకన్ల పాటలో నలభై సెకన్లు మాయం. వినేవాడికి తెలియదు, పుస్తకంలో రాసుకునేవాడు మాత్రం మోసపోతాడు. అందుకని అభిమానులు పనిముట్లు కనిపెట్టుకున్నారు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. దాని హుమ్ చాలా టేపుల్లో వెనక సన్నగా ఉంటుంది. అది 62 దగ్గర పలుకుతుంటే టేపు వేగంగా పరిగెడుతోందని అర్థం, తగ్గించుకోవాలి. హుమ్ లేకపోతే గిటారు శ్రుతి చూడాలి.

ఇంకో చిక్కు, టేపు తిప్పడం. సీ-90 క్యాసెట్ ఒక పక్క 45 నిమిషాలు. రాటర్‌డామ్ పాట 48. అంటే ఆ పాటను ఒక పక్కకు ఎక్కించడం కుదరనే కుదరదు. నా దగ్గరున్న మొదటి కాపీలో మధ్యలో టక్ మని ఆగి, నేను లేచి వెళ్ళి తిప్పి, మళ్ళీ కూర్చునేదాకా పాట కాచుకుని ఉండేది. హాలులో రికార్డు చేసినవాడు టేపు తిప్పిన ఆ అయిదారు సెకన్లు ఎప్పటికీ పోయినట్టే. అయితే అదే రాత్రి, అదే హాలులో, పది వరసల అవతల ఇంకొకడు రికార్డు చేస్తుంటాడు. వాడు కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటాడు కాబట్టి వాడి టేపు వేరే చోట ఆగుతుంది. ఒకడి చిరుగుకు ఇంకొకడి గుడ్డ తెచ్చి మాటు వెయ్యొచ్చు. రెండు టేపుల వేగం సరిచేసి, శబ్దం సమం చేసి కలిపితే అతుకు కనపడదు. ఈ పని నేను ముప్పై నలభై సార్లు చేసి ఉంటాను. ఈ మాట గుర్తుంచుకోండి.

సరే, పొడుగుదే గొప్పదా? ఇది ప్రతివాళ్ళూ అడుగుతారు. కాదు. నా మటుకు నాకు రాటర్‌డామ్ నడిమి పావుగంట భారంగానే ఉంటుంది. నాకు వెనీటా కావాలి. 1972 ఆగస్టు 27, ఎర్రటి ఎండ, మైదానంలో కచేరీ. స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే పాల డెయిరీ ఇబ్బందుల్లో పడితే దాన్ని నిలబెట్టడానికి పెట్టిన కచేరీ అది. టికెట్లు పెరుగు డబ్బాల లేబుళ్ళ మీదే అచ్చు వేశారు. వేడికి తీగలు శ్రుతిలో నిలవడంలేదు. బెజవాడ ఎండల్లో నాదస్వరం విన్నవాళ్ళకు ఆ బాధ తెలుసు. అలాంటి ఎండలో వాళ్ళు తొందరపడకుండా అరగంట ఆ పాటలో తిరిగారు. నిమిషాలు తక్కువే, దాన్లో ఒక్క సెకను తీసెయ్యడానికి నాకు చేతులు రావు.

అయితే మరి కొలవడమెందుకు? నాలుగేళ్ళలో మూడు నిమిషాల పాట నలభై ఎనిమిది నిమిషాలైందంటే అయిదారుగురు మనుషులు ఒకరినొకరు ఎంత నమ్మారో ఆ అంకెల్లో ఉంది. తర్వాత అదే పాట ఏళ్ళ తరబడి కనపడకుండా పోయింది. 1974 అక్టోబరు 18న శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌లాండ్ హాలులో వాయించారు. అదే ఊళ్ళో మళ్ళీ వాయించింది 1978 డిసెంబరు 31న, ఆ హాలు మూతపడిన రాత్రి. ఆ రోజు అభిమానులు కట్టిన బట్టమీద ఏం రాశారో తెలుసా? ఈ ఊళ్ళో డార్క్ స్టార్ విని 1535 రోజులైంది అని. నేను క్యాలెండర్ పెట్టుకుని లెక్క చూశాను, సరిగ్గా 1535. నాలాంటివాళ్ళు అంతకుముందే ఉన్నారని అప్పుడు ధైర్యం వచ్చింది. ఎనభైల్లో మళ్ళీ అయిదేళ్ళ పైన మాయమై, 1989 అక్టోబరు 9న వర్జీనియాలోని హాంప్టన్‌లో వచ్చింది. ఆ టేపులో మొదటి పలుకు మీద జనం వేసిన కేక వినాలి మీరు. ఆ తర్వాత 1972 నాటి పొడుగు మాత్రం తిరిగి రాలేదు. ఆఖరిసారి 1994 మార్చి 30న, అట్లాంటాలో. నేను వాళ్ళను ప్రత్యక్షంగా చూసింది అదే ఏడాది డిసెంబరులో, ఓక్లాండ్‌లో రెండు రాత్రులు. అప్పటికే అయిపోయింది. ఏడు పుస్తకాల పాటను నేను ఎదురుగా ఒక్కసారి కూడా వినలేదు.

కెనడాలో జాన్ ఆస్వాల్డ్ అనే స్వరకర్త, బృందంలో బేస్ వాయించే ఫిల్ లెష్ అడిగితే, వంద పైచిలుకు రాత్రుల డార్క్ స్టార్‌లను ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి రెండు సీడీలంత పాటగా చేశాడు. గ్రేఫోల్డెడ్ అని పేరు. చాలామంది మెచ్చుకున్నారు. నాకు నచ్చలేదు. ఏ రాత్రిది ఆ రాత్రిదిగా ఉండాలి.

ఇప్పుడు మన బడి పని.

మన తెలుగు మాస్టారి పేరు ఈ హాలులో ఎవరికీ చెప్పక్కర్లేదు. వార్షికోత్సవానికి ఉపాధ్యాయులు రాయబారం ఘట్టం వేస్తే కృష్ణుడు ఆయనే. పీసపాటి నరసింహమూర్తి గారినీ, షణ్ముఖి ఆంజనేయరాజు గారినీ వేదికల మీద చూసి నేర్చుకున్న తరం. పద్యం పూర్తయ్యాక రాగం తీస్తే హార్మోనియం మాస్టారు ఆయన మొహం వంకే చూస్తూ వెంట నడిచేవారు. వన్స్ మోర్లు పడేవి. పద్యం అరనిమిషం, రాగం ఎంతసేపో ఆ రాత్రి నిర్ణయించేది. డార్క్ స్టార్ నాకు మూడో రోజుకే ఎందుకు ఎక్కిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నాకు మాత్రం పదేళ్ళు పట్టింది.

మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్‌తో మూడు వార్షికోత్సవాలు రికార్డు చేశాడు. ఆ క్యాసెట్లు మూడూ నా దగ్గరున్నాయి. మూడింట్లోనూ మాస్టారు ఒకే పద్యం పాడారు. 1980లో రాగం ఒక నిమిషం 50 సెకన్లు. 1982లో రెండు నిమిషాల 40. 1984, ఆయన రిటైరైన ఏడు, మూడు నిమిషాల 25 సెకన్ల దగ్గర సీ-60 క్యాసెట్ అయిపోయింది. గొంతు పైస్థాయిలో నిలబడి ఉంది, టక్ మంది, అంతే.

ఆ రాత్రి కరెంటు పోయింది, పెట్రోమాక్స్ లైట్లు పెట్టారు, గుర్తుందా? టూ-ఇన్-వన్ బ్యాటరీల మీద నడిచింది. కాబట్టి హుమ్ లేదు. మాస్టారు ఎప్పుడూ నాలుగు శ్రుతికే పాడేవారు. టేపులో అది నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య పలుకుతోంది. అంటే రికార్డు చేసినప్పుడు యంత్రం నెమ్మదిగా నడిచింది. సరిచేస్తే మూడు నిమిషాల 31 సెకన్లు వస్తుంది. ఆ ఆరు సెకన్లు మాస్టారివి, బ్యాటరీలకు వదిలెయ్యలేను.

ఆ తర్వాత ఎంతసేపు పాడారు? మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఒకడు అయిదు నిమిషాలన్నాడు, ఒకామె పదన్నది, ఇంకొకడు రాగం అయ్యేసరికి తను ఇంటికెళ్ళి అన్నం తినొచ్చానన్నాడు. మనిషి జ్ఞాపకం ఎప్పుడూ టేపు కంటే పొడుగ్గానే ఉంటుంది. రాటర్‌డామ్‌లో ఉన్నవాళ్ళను అడిగినా గంటన్నర అనే అంటారేమో.

మాస్టారు ఆ తర్వాత పాడలేదు. గొంతుకు జబ్బు చేసి ఆపరేషన్ అయింది. మాట మిగిలింది, పాట మిగల్లేదు. ఆయన అమ్మాయి ఆ రాత్రికి రాలేదు, పురిటి రోజులు. నిరుడు నేను ఈ టేపు శుభ్రం చేసి ఆవిడకు పంపాను. ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, దీని తర్వాతది లేదా అన్నయ్యా అని.

ఉందని నా నమ్మకం. ఎందుకంటే, ఆ 1984 క్యాసెట్ మొదట్లో, నాటకం మొదలవకముందు, మా బాబాయి పక్కనుంచి ఒక మగ గొంతు వినపడుతుంది. నీది ఆన్ చేసేశావా, నేను తెర లేచాక నొక్కుతా, అని. బాబాయి ఊఁ అంటాడు. అంతే. బాబాయి ఇప్పుడు లేడు, అడగడానికి. కానీ ఆ రాత్రి ముందు వరసల్లో ఇంకో రికార్డర్ ఉంది. అది ఆలస్యంగా మొదలైంది. తెర లేవడానికి ఆ తర్వాత ఏడు నిమిషాలు పట్టింది, టేపులోనే ఉంది. రెండోదీ సీ-60 అయితే, రెండోసారి తిప్పకుండా అలాగే నడిచి ఉంటే, మనకు కావలసిన చోటు తర్వాత ఇంకో ఏడు నిమిషాలు దాన్లో ఉండాలి.

కాబట్టి ఇంటికెళ్ళాక అటకలు, ట్రంకు పెట్టెలు, పాత గోద్రెజ్ బీరువాల అడుగు సొరుగులు చూడండి. అట్ట మీద పేరు లేకపోయినా తెండి. సినిమా పాటల క్యాసెట్ అని పక్కన పెట్టకండి, ఆ రోజుల్లో లవకుశ మీద కూడా రికార్డు చేసేవాళ్ళం. దొరికితే వినడానికి ప్లేయర్‌లో వెయ్యకండి, పాత ప్లేయర్ రబ్బరు చక్రం జిగటపడి టేపును నమిలేస్తుంది. ఎండలో పెట్టకండి, స్పీకర్ పక్కన పెట్టకండి. బూజు తెల్లగా కనపడితే తుడవకండి, అలాగే కవరులో పెట్టి ఇవ్వండి. మీ పేరు, ఏ సంవత్సరం అనుకుంటున్నారో ఒక చీటీ మీద రాయండి. నేను మంచి డెక్ ఒకటి తెచ్చుకున్నాను, నెలాఖరు దాకా ఊళ్ళోనే ఉంటాను. మీ క్యాసెట్ మీకు తిరిగిస్తాను, కాపీ బడికి ఉంటుంది. మాస్టారిది కాకపోయినా సరే, ఆ ఏళ్ళ వార్షికోత్సవాలు ఏవైనా సరే.

వేగం సరిచూసుకోవడానికి ఆనాటి హార్మోనియం కావాలి. స్టాఫ్ రూమ్ బీరువా పైన ఉంది, నిన్న హెడ్మాస్టర్ గారి అనుమతితో దింపి చూశాం. తిత్తికి చిల్లు పడింది, రెండు మెట్లు పలకడం లేదు. నాలుగో శ్రుతి మెట్టు పలుకుతోంది.